తలుపు ముందు నిలబడిన ఆ నిమిషాలు

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ఒకే సంస్థలో 21 ఏళ్లుగా జీతాల లెక్కలు చూస్తున్నాను. ఇంట్లో ఏ లోటూ లేదు. మావారు మంచివారు. అమ్మాయి పైచదువుకు వేరే ఊరు వెళ్లి ఏడాది కావస్తోంది. అబ్బాయికి పదిహేనేళ్లు. అప్పులు తీరిపోయాయి. అయినా ఏడాదిన్నరగా మనసు ఒక చోట నిలవడం లేదు. ఏ పని మొదలుపెట్టినా మధ్యలోనే విసుగొస్తుంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. సాయంత్రం ఇంటికి వచ్చి, లోపల టీవీ చప్పుడు వినిపిస్తున్నా, తాళం చెవి చేతిలో పట్టుకుని అయిదు పది నిమిషాలు తలుపు ముందే నిలబడిపోతున్నాను. ఎందుకో నాకే తెలియదు. మా నాన్నగారు రెండేళ్ల కిందట పోయారు. ఆయనకు 81 ఏళ్లు, నిండు జీవితం, కాబట్టి అది కారణం కాదు. (చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని చిరిగిన పుస్తకాలు కుట్టేదాన్ని. ఆయన సగం కుట్టి వదిలేసిన పుస్తకం ఒకటి, పనిముట్ల పెట్టెతో సహా, మా ఇంట్లోనే ఉంది.) స్నేహితురాలు ఉద్యోగం మానేయమంటోంది. మావారు నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్లొద్దామంటున్నారు. ఇన్ని ఉండి కూడా ఈ వెలితి ఏమిటి? ఇది కృతఘ్నత కాదా? దీనికి అర్థమంటూ ఉందా, లేక వయసుతో వచ్చే చపలత్వమా? ఉద్యోగం మానేయనా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి గమనించని సంగతి ఒకటి రెండోసారి కంట పడింది. మీరు నిలబడిపోతున్నది ఆఫీసు గుమ్మం ముందు కాదు, ఇంటి గుమ్మం ముందు.

అందుకే మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. ఉద్యోగం మానేయకండి. ఎప్పటికీ మానవద్దని కాదు, ఇప్పుడు మాత్రం వద్దు. ఉద్యోగం చెడ్డదని మీరెక్కడా రాయలేదు. పైఅధికారి వేధిస్తున్నాడని గానీ, చేసే పని అంటేనే రోత పుడుతోందని గానీ ఒక్క మాట లేదు. మానేస్తే ఏమవుతుంది? ఏ ఇంట్లోకి అడుగుపెట్టలేక ఆగిపోతున్నారో ఆ ఇంట్లోనే తెల్లవారింది మొదలు పొద్దుపోయేదాకా ఉండాల్సి వస్తుంది. మీ స్నేహితురాలు మీ మేలు కోరే ఆ మాట చెప్పి ఉంటారు. కానీ ప్రశ్న ఏమిటో తేలకముందే ఆవిడ జవాబు ఇచ్చేశారు.

ఇంటి గుమ్మం అన్నాను కదా అని మీ ఇంటివాళ్లను తప్పుపడుతున్నానని అనుకోకండి. ఆ నిమిషాలను ఒకసారి దగ్గరగా చూద్దాం. అప్పటిదాకా మీరు ఆఫీసు మనిషి. తాళం తిప్పాక ఇంటి మనిషి. తలుపు తెరుచుకోగానే ఎవరో ఒకరు పిలుస్తారు, ఏదో ఒకటి అడుగుతారు. ప్రేమగానే అడుగుతారు, కానీ అడుగుతారు. తలుపుకు ఇవతల, చెప్పులు కూడా విప్పకుండా నిలబడిన ఆ కాసేపు మాత్రం మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. మీరు ఆఫీసు నుంచి బయలుదేరారని ఆఫీసుకు తెలుసు, ఇంకా ఇంటికి రాలేదని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. రోజు మొత్తంలో ఎవరి లెక్కలోకీ రాని సమయం మీకు అదొక్కటే మిగిలినట్టుంది. మీ కాళ్లు దాన్ని వెతుక్కుని పట్టుకున్నాయి. అందుకే ఆ నిలబడడం నాకు జబ్బులా అనిపించలేదు. తన కోసం కాస్త చోటు వెతుక్కుంటున్న మనిషి చేసే పనిలా అనిపించింది.

ఇక కృతఘ్నత సంగతి. మీరు వాడిన మాట వెలితి. మన భాషలో ఖాళీ వేరు, వెలితి వేరు. ఏమీ లేని పాత్రను చూసి వెలితిగా ఉందని ఎవరూ అనరు. నీళ్లు చాలావరకు ఉండి, అంచుకు కాస్త దిగువన ఆగిపోతే దాన్ని వెలితి అంటాం. ఆ మాటలోనే ఉన్నదీ ఉంది, లేనిదీ ఉంది. ఉన్నదాని పట్ల కృతజ్ఞత, లేనిదాని కోసం ఆరాటం ఒకే మనసులో, ఒకే పూట ఉండగలవు. ఒకటి ఉంటే రెండోది అబద్ధం కాదు. నిండుకుండ తొణకదని మనకు చిన్నప్పటి నుంచీ చెబుతూ వచ్చారు. అందువల్ల తొణికితే సిగ్గుపడతాం. అయితే కింద పెట్టిన కుండ, నిండినదైనా వెలితిదైనా, తొణకదు. ఎత్తుకుని నడుస్తున్నప్పుడే తొణుకుతుంది. 21 ఏళ్లుగా మీరు ఎత్తుకునే ఉన్నారు.

చపలత్వమా అని అడిగారు. నలభైలలో వచ్చే ఈ అలజడికి మధ్యవయసు సంక్షోభం అని పేరు స్థిరపడడానికి మూలం ఎలియట్ జాక్స్ అనే కెనడా మనోవిశ్లేషకుడు 1965లో అచ్చు వేయించిన ఒక వ్యాసం. అందులో 36 ఏళ్ల మనిషి ఒకరు కనిపిస్తారు. అప్పటిదాకా జీవితం పైకి ఎక్కుతున్న అంతులేని దారిలా అనిపించేదని, ఇప్పుడు శిఖరం చేరగానే అవతల దిగుడు, దాని చివర దారి ముగిసిపోయే చోటు కనిపిస్తున్నాయని ఆయన చెప్పుకున్నారు. ఆ మాట చదివినప్పుడు నా గుండె ఝల్లుమంది. అయినా సంక్షోభం అన్న పేరు నాకు నచ్చదు. 2000లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో తమకు అలాంటి దశ వచ్చిందని చెప్పినవారు సుమారు నాలుగో వంతు మంది. వాళ్లలో చాలామంది చెప్పిన కారణాలు వయసుతో సంబంధం లేనివి, అంటే ఆత్మీయులు పోవడం, ఉద్యోగంలో దెబ్బ తగలడం, కాపురాలు విడిపోవడం లాంటివి. ఎన్నేళ్లు వచ్చాయన్నదాని కంటే ఆ ఏళ్లలో ఏం జరిగిందన్నది ముఖ్యం. జాక్స్ సంగతికి వస్తే, ఆ వ్యాసం వచ్చేనాటికి ఆయనకు 48. ఆ తర్వాత మరో 38 ఏళ్లు జీవించి, అందులో చాలా భాగం పనిలోనే గడిపారు.

వయసుకు అసలు పాత్రే లేదని కూడా అనను. డేవిడ్ బ్లాంచ్‌ఫ్లవర్, ఆండ్రూ ఆస్వాల్డ్ అనే ఆర్థికవేత్తలు 2008లో పదుల కొద్దీ దేశాల సమాచారం పరిశీలించి, జీవితం పట్ల తృప్తి నలభైల మధ్యలో అడుగుకు దిగి, తర్వాత మెల్లగా పైకి లేస్తుందని చెప్పారు. దీన్ని ఒప్పుకోని పరిశోధకులూ ఉన్నారు. అందరికీ అలాగే జరుగుతుందనడానికి లేదు. నాకు మరీ ఆశ్చర్యం కలిగించింది 2012 నాటి ఇంకో అధ్యయనం. 508 చింపాంజీలు, ఒరాంగుటాన్ల ఉత్సాహం ఎలా ఉందో వాటి సంరక్షకుల చేత అంచనా వేయిస్తే, అక్కడ కూడా నడివయసులో అదే పల్లం కనిపించింది. వాటికి జీతాల లెక్కలు లేవు, పిల్లల చదువుల బెంగా లేదు. మీ అలజడిలో కొంత భాగం మీ గుణానికి సంబంధం లేని, ఒంటికి సంబంధించిన వ్యవహారం కావచ్చు. ఆ మేరకు మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపండి.

ఒంటి మాట వచ్చింది కాబట్టి ఇది తప్పకుండా చేయండి. ఒకసారి డాక్టర్ దగ్గరికి వెళ్లి థైరాయిడ్, రక్తహీనత, విటమిన్ బి12, చక్కెర పరీక్షలు చేయించుకోండి. నెలసరి ఆగిపోవడానికి ముందు కొన్నేళ్లపాటు హార్మోన్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. నిద్ర చెడిపోవడం, ఊరికే చిరాకు రావడం అందువల్ల కూడా కావచ్చు. తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం డిప్రెషన్ లక్షణాలలో ఒకటి. రెండు వారాలకు పైగా, దాదాపు ప్రతిరోజూ, ఎక్కువసేపు దిగులుగా ఉన్నా, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి చచ్చిపోయినా ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే చెప్పండి, ఇంట్లోనూ చెప్పండి. అర్థం వెతుక్కోవడం చికిత్సకు బదులు కాదు. రెండూ పక్కపక్కన నడవాల్సినవి.

ఇప్పుడు నేను ఎక్కువసేపు ఆలోచించిన చోటికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది ఒకే ఒక్క మాట, "కాబట్టి". ఆయనకు 81 ఏళ్లు, నిండు జీవితం, కాబట్టి అది కారణం కాదు. దుఃఖం అలా వయసు అడిగి రాదు. పోయినవారికి ఎన్నేళ్లన్నది ఊళ్లోవాళ్లకు ఓదార్పు మాట అవుతుంది, కూతురికి కాదు. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. నాన్నగారు పోయి రెండేళ్లు. ఈ అలజడి మొదలై ఏడాదిన్నర. అమ్మాయి వెళ్లి ఏడాది. రోజూ అంకెలతో పనిచేసే మీరు ఈ మూడు అంకెలను మాత్రం వేర్వేరు పేజీల్లో రాసుకున్నారు. పెద్దవయసులో పోయారు కాబట్టి ఏడవకూడదు, మంచి చదువుకే వెళ్లింది కాబట్టి దిగులు పడకూడదు అని మీకు మీరే ఆజ్ఞలు వేసుకున్నట్టున్నారు. ఏడవడానికి అనుమతి లేని దుఃఖం కాలు నిలవనివ్వదు. పని మధ్యలో విసుగులా వస్తుంది, మూడింటికి లేపుతుంది.

నా ఊహ తప్పు కావచ్చు. మీరే సరిచూసుకోండి. కానీ నడివయసులో తల్లిదండ్రులు పోయినప్పుడు మనిషికి ఇంకొకటి కూడా జరుగుతుందని నేను గట్టిగా నమ్ముతాను. షికాగో విశ్వవిద్యాలయంలో మధ్యవయసు మీద పరిశోధన చేసిన బెర్నిస్ న్యూగార్టెన్ 1960లలోనే ఒక విషయం గమనించారు. ఆ వయసులో మనుషులు కాలాన్ని లెక్కపెట్టే తీరు మారుతుందట. పుట్టి ఎన్నేళ్లయిందని లెక్కపెట్టుకునేవాళ్లు, ఇంకా ఎన్నేళ్లు మిగిలాయని లెక్కపెట్టడం మొదలుపెడతారట. నాన్నగారు ఉన్నంతకాలం మీకూ ఆ చివరికీ నడుమ ఒక మనిషి ఉన్నారు. ఇప్పుడు ఆ వరుసలో మీరు ముందుకు జరిగారు. దాని గురించి మీరు ఎన్నడూ మాటల్లో అనుకుని ఉండకపోవచ్చు. అయినా లోపల లెక్క తిరగబడింది. ఉన్నట్టుండి ప్రతి పనినీ మనసు ఒక ప్రశ్న అడుగుతుంది: మిగిలిన కాలం దీనికేనా? చాలా పనులు ఆ ప్రశ్న ముందు నిలబడలేవు. మీరు విసుగు అంటున్నది బహుశా ఇదే. దాన్ని చపలత్వం అనడానికి నాకు నోరు రాదు.

దీనికి తోడు మీరు అనుకున్నవన్నీ చేసి ముగించారు. అప్పు తీరింది, అమ్మాయి చదువు ఒక దారిన పడింది, ఉద్యోగం నిలకడగా ఉంది. అలాంటప్పుడు సుఖంగా ఉండాలి కదా అని లోకం అడుగుతుంది. అరిస్టాటిల్ 2,300 ఏళ్ల కిందటే పనుల్లో ఒక తేడా చూపించాడు. ఇల్లు కట్టడం పూర్తయ్యాక ఆ పని ఇక ఉండదు. పూర్తి కావడమంటేనే ముగిసిపోవడం. చూడడం, ఆలోచించడం అలాంటివి కావు. అవి చేస్తున్న ప్రతి క్షణంలోనూ పూర్తిగానే ఉంటాయి. ఇరవై నుంచి నలభై అయిదు దాకా మన బతుకంతా మొదటి రకం పనులతో నిండిపోతుంది. ఒక్కొక్కటీ సాధిస్తాం, సాధించిన ప్రతిదీ చేతిలోంచి వెళ్లిపోతుంది. మీరు ఓడిపోలేదు. గెలిచిన పనులన్నీ గెలవగానే మీకు దూరమయ్యాయి, అంతే. ఇంకో పెద్ద లక్ష్యం పెట్టుకుంటే ఈ వెలితి నాలుగేళ్లు వాయిదా పడుతుంది గానీ తీరదు. నా 49వ ఏట నేను చేసిన పొరపాటు అదే. మనసు నిలవక, ఉన్నదంతా పక్కన పెట్టి రెండేళ్ల కోర్సు ఒకదానిలో చేరాను. పట్టా చేతికి వచ్చిన రోజు సాయంత్రం, దాన్ని బల్ల మీద పెట్టి చూస్తూ కూర్చుంటే, చేరకముందు ఎలా ఉందో సరిగ్గా అలాగే ఉంది. చదువు మంచిదే. నేనే దాన్ని పారిపోవడానికి వాడుకున్నాను.

మరి మీ దగ్గర రెండో రకం పని ఏదైనా ఉందా అని వెతికితే, అది కుండలీకరణాల్లో దొరికింది. ఇంత పెద్ద ఉత్తరంలో చేతులతో పట్టుకోగలిగిన వస్తువులు, పక్కన కూర్చున్న ఒక మనిషి, కలిసి చేసిన ఒక పని ఉన్నవి ఆ రెండు వాక్యాలే. వాటినే మీరు గీతల మధ్య బంధించారు, అడక్కుండా వచ్చినందుకు క్షమాపణ చెబుతున్నట్టు.

పుస్తకం కుట్టడం నాకు కొంచెం తెలుసు, అందుకే ఇంకాస్త మాట్లాడతాను. ఫారాలను, అంటే మడిచిన కాగితాల కట్టలను, ఒకదానిపై ఒకటి సర్ది, దబ్బనంతో రంధ్రాలు పొడిచి, మైనం పూసిన దారం లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి తీస్తాం. దారం గట్టిగా లాగితే కాగితం కోసుకుపోతుంది, వదులుగా వదిలితే పుటలు ఊగుతాయి. ఎంత లాగాలో వేళ్లకే తెలుస్తుంది, పక్కన కూర్చుని చూస్తేనే వస్తుంది. మీ వేళ్లకు అది ఎవరు నేర్పారో వేరే చెప్పక్కర్లేదు. పుస్తకం పూర్తవుతుంది, నిజమే. అయినా ఆ పని చేసేవాళ్లు పూర్తి కావడం కోసం తొందరపడరు. దారం లాగుతున్న ఆ క్షణంలోనే అందులోని సుఖం ఉంటుంది.

దీన్నే కొత్త వృత్తిగా మార్చుకోమని చెప్పడం లేదు. దయచేసి ఎవరు సలహా ఇచ్చినా దీన్ని వ్యాపారం చేయకండి, పదిమందికీ చూపించాలన్న ఆలోచనా పెట్టుకోకండి. లక్ష్యంగా మారిన మరుక్షణం ఇది కూడా మొదటి రకంలో కలిసిపోతుంది. వారానికి రెండు సాయంత్రాలు, ముప్పావు గంట చొప్పున, ఇంట్లోనే, తలుపు వేసుకుని కూర్చోండి. గుమ్మం బయట దొంగతనంగా తీసుకుంటున్న సమయాన్ని లోపల హక్కుగా తీసుకోండి. అది జరిగాక గుమ్మం ముందు ఎంతసేపు నిలబడుతున్నారో గమనించండి. తగ్గితే సంతోషం. రెండు మూడు నెలలైనా ఏమీ తగ్గకపోతే, అప్పుడు ఉద్యోగం గురించి మళ్లీ కూర్చుని ఆలోచిద్దాం. ఈసారి ప్రశ్న తెలిసి ఆలోచిస్తాం కాబట్టి ఆ నిర్ణయం మీద నాకు భయం ఉండదు.

మీవారికి ఈ సంగతి చెప్పాలి. నాలుగు రోజులు వెళ్లొద్దామంటున్నారంటే ఏదో జరుగుతోందని ఆయన గమనించారన్నమాట, ఏమిటో తెలియక చేతనైన మందు చూపిస్తున్నారు. వెళ్లండి, మంచిదే. కానీ వెళ్లేలోపు ఆ తలుపు సంగతి ఆయనకు చెప్పండి. "నేను బాగాలేను" అంటే ఆయన కంగారుపడతారు, కారణాలు వెతుకుతారు, తనను తాను తప్పుపట్టుకుంటారు. దానికి బదులు జరిగేది జరిగినట్టు చెప్పండి: రోజూ సాయంత్రం తాళం చెవి పట్టుకుని బయట నిలబడుతున్నాను, ఎందుకో అర్థం చేసుకోవాలని ప్రయత్నిస్తున్నాను, నువ్వు దీన్ని సరిచేయనక్కర్లేదు, విను చాలు. ఆయన్ని మీరు అని పిలిచే అలవాటైతే అలాగే చెప్పండి. మాట మాత్రం ఇంత సూటిగా ఉండనివ్వండి.

అబ్బాయిని బలవంతంగా పక్కన కూర్చోబెట్టుకోవద్దు. ఎప్పుడో ఒకప్పుడు వాడే వచ్చి ఏం చేస్తున్నావమ్మా అని అడిగితే, జరిగి కాస్త చోటివ్వండి.

ఆ పెట్టె తెరిచే రోజు మాత్రం ఒంటరిగా ఉండకండి. తోబుట్టువులు ఉంటే ఒకరిని పిలవండి, లేకపోతే మీవారినే పక్కన కూర్చోమనండి. నాన్నగారి చేతి గుర్తులు దబ్బనం పిడి మీద ఉంటాయి, మైనం ముద్ద మీద దారం కోసిన గాట్లు ఉంటాయి. ఏడుపు వస్తుంది, రానివ్వండి. రెండేళ్లు ఆలస్యంగా వస్తోంది, అంతే. ఇంకొక మాట. రెండేళ్లుగా పెట్టెలో ఉన్న నూలు దారం బలం తగ్గి ఉండవచ్చు, కుట్టుతుండగా పుటుక్కున తెగితే ఆ పూట మీ మనసు మరీ చిన్నబుచ్చుకుంటుంది. కాబట్టి కొత్త దారం తెచ్చిపెట్టుకున్నాకే కూర్చోండి. ఆయన వేసిన కుట్లు విప్పకండి. ఆయన ఆపిన చోట కొత్త దారాన్ని పాతదానికి ముడి వేసి, అక్కడి నుంచి మొదలుపెట్టండి.